తల తడిసిన రోజు

కుర్తాళం అనగానే ఆంధ్రదేశంలోని మన బంధువులకు మౌనస్వామివారు స్థాపించిన సిద్ధేశ్వరీ పీఠం జ్ఞాపకం వస్తుంది. విరుదునగర్, కోవిల్‌పట్టి ప్రాంతాల్లో తరాలుగా కాపురముంటున్న మాబోటి తెలుగువారికి మాత్రం మొదట నీళ్ళు జ్ఞాపకం వస్తాయి, తరువాతనే దేవుడు. ఇందులో అపచారమేమీ లేదు. మా నేల అటువంటిది.

మాది నల్లరేగడి సీమ. ఇక్కడ దీన్ని కరిసల్ అంటారు. విజయనగర రాజుల కాలంలోనూ, మధుర నాయకుల కాలంలోనూ ఉత్తరాది నుంచి దిగివచ్చిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఈ మట్టిని నమ్ముకొని పత్తీ, సజ్జా, మినుమూ వేసుకొని నిలబడ్డాయి. కోవిల్‌పట్టికి చేరువలో ఉన్న ఇడైసేవల్ గ్రామంలో 1923లో పుట్టిన కి. రాజనారాయణన్ గారు ఇంట్లో తెలుగు మాట్లాడుతూనే తమిళంలో గొప్ప రచయిత అయ్యారు. ఆ వలస వచ్చినవారి కథనే ‘గోపల్ల గ్రామం’ అనే నవలగా రాశారు. దాని తరువాతి నవలకు 1991లో సాహిత్య అకాడమీ బహుమానం వచ్చింది. 2021లో ఆయన కన్నుమూసినప్పుడు మా ఇళ్ళలో పెద్దలు స్వంత మనిషి పోయినట్లు బాధపడ్డారు.

ఈ సీమకు ఏడాది మొత్తం మీద పడే వాన సుమారు 700 మిల్లీమీటర్లు. అందులో పెద్ద భాగం అక్టోబరు, నవంబరు నెలల్లో ఈశాన్యం నుంచి వచ్చేదే. జూన్, జూలై నెలల్లో మాకు వాన ఉండదు, గాలి ఉంటుంది. కయత్తారు మైదానంలో వరుసగా నిలబెట్టిన గాలిమరలు ఆ గాలికే తిరుగుతాయి. వాటికది లాభం. మాకు మాత్రం కంట్లో దుమ్ము, గొంతులో దుమ్ము, వడ్డించిన అన్నంలో దుమ్ము. సరిగ్గా ఆ రోజుల్లోనే కోవిల్‌పట్టికి పడమట సుమారు 85 కిలోమీటర్ల దూరాన, కొండల అంచున, సారల్ పడుతూ ఉంటుంది.

సారల్ అంటే తమిళంలో తుంపర. ఆ మాటకు సరిపోయే తెలుగుమాట వెతికి వెతికి మా పెద్దలు మానుకొని సారల్ అనే అనేవారు. నైరుతి గాలి కేరళవైపు మేఘాలను కొండలకు గుద్ది వాన కురిపిస్తుంది. ఆరియంకావు, సెంగోట్టై దగ్గర పడమటి కనుమల వరుస కొంచెం వంగి దారి ఇస్తుంది. ఆ సందులో నుంచి చల్లగాలీ, దానితోపాటు పొడిలాంటి తుంపరా తెన్‌కాశి వైపు జారి వస్తాయి. గొడుగు వేసుకుంటే నవ్వుతారు, వేసుకోకపోతే గంటకు చొక్కా తడుస్తుంది. అదే గాలి మైదానంలోకి దిగి తడి పోగొట్టుకొని, ఎండి, మా దగ్గరకు వచ్చేసరికి దుమ్ము అవుతుంది. అందుచేతనే మా అత్త, “మన గడపలో కొట్టే దుమ్మూ, కుర్తాళంలో పడే సారలూ ఒక తల్లి పిల్లలే. పెద్దదానికి నీళ్ళన్నీ పెట్టి చిన్నదానికి చేట ఇచ్చింది” అంటుంది.

ఇప్పుడు మా ఇళ్ళ సంగతి చెప్పాలి. విరుదునగర్‌లో మాకు మిరపకాయల మండీ ఉండేది. 1923 వరకు విరుదుపట్టి అని పిలువబడిన ఆ ఊరు వర్తకానికి పేరుపడ్డది. కామరాజు గారు పుట్టిన ఊరు కూడా. ఆడపడుచును కోవిల్‌పట్టికి ఇచ్చాము. ఈ వ్యాసంలో ‘మేము’ అంటే ఆ రెండిళ్ళ పిల్లలం. పిల్లలం అన్నామే గాని, మాలో అందరికన్నా చిన్నవాడికి నలభై దాటింది.

1958లో మా తాత మండీ చిట్టా పుస్తకం చివర మిగిలిన కాగితాల మీద ఒక పద్దు మొదలుపెట్టాడు. ఏ సంవత్సరం, ఏ తేదీన, ఏ అరువిలో, ఎవరెవరు స్నానం చేశారో అందులో రాసేవాడు. అరువి అంటే జలపాతం. ఒక్కొక్కరి పేరు కింద రోజుల మొత్తం సీజను చివర కూడి వేసేవాడు. వర్తకుడు గదా, ఆనందాన్ని కూడా లెక్క వేయనిదే నిద్రపట్టేది కాదు. మొదటి పుట మీద ఆయన చేతిరాతలో ఒకే సూత్రం ఉంటుంది: ‘నీళ్ళు తల మీద పడితే రోజు. పడకపోతే ప్రయాణం.’

సూత్రం సులభంగానే ఉన్నది. తగవులు దాని చుట్టూ పుట్టాయి.

మొదటి తగవు రాత్రి స్నానం గురించి. అప్పట్లో అర్ధరాత్రి దాటాక అయిదరువికి వెళ్ళి, దీపాల వెలుతురులో జనం తక్కువగా ఉండగా నీళ్ళకింద నిలబడటం ఒక సరదా. రాత్రి రెండు గంటలకు చేసిన స్నానం నిన్నటిదా, నేటిదా? ఇంగ్లీషు తేదీ ప్రకారం నేటిది. మన పంచాంగం ప్రకారం సూర్యోదయం కాలేదు కనుక నిన్నటిది. నిన్న ఒకసారి, తెల్లవారాక ఒకసారి చేసినవాడు రాత్రి స్నానాన్ని మూడో రోజుగా రాయమన్నాడు. తాత ఒప్పుకోలేదు. సూర్యోదయం లెక్కే ఖాయమైంది.

రెండవది జనసమ్మర్దం గురించి. ఆదివారం నాడు పెద్ద అరువి దగ్గర రెండు గంటలు వరుసలో నిలబడి, ఒక్క నిమిషం నీళ్ళకింద ఉండి, వెనుకవాడు తోయగా బయటపడితే అది రోజేనా? మా చిన్నాయన కాదన్నాడు. తాత, “తిరుపతిలో పూటంతా నిలబడి రెప్పపాటు దర్శనం చేసుకొని వచ్చినవాడు దర్శనం కాలేదంటాడా?” అని అడిగాడు. చిన్నాయన మారు మాట్లాడలేదు.

మూడవది మడికట్టుకున్నవారి తగవు. మా మేనమామ ఒకాయనకు కమ్మీలు పట్టుకొని నిలబడి చేసే స్నానం స్నానమే కాదు. కొండ ఎక్కి శెన్బగాదేవి అరువి దాకా నడిచి, అక్కడ మునిగితేనే లెక్క అనేవాడు. ఆ రోజుల్లో అలా నడిచి వెళ్ళనిచ్చేవారు. ఆయన పద్దులో రోజులు ఏడే. ఆ ఏడింటినీ ఆయన చెప్పే తీరు వింటే మిగిలినవారి వందలు చిన్నబోయేవి. దానికి పెదనాయన జవాబు, “నీది తపస్సు. మాది స్నానం. పుస్తకం స్నానానికి పెట్టింది.”

నాలుగవది ఎండిన ఏడు. కొన్ని సంవత్సరాలు జూన్ గడిచినా కొండమీద వాన రాదు. బండరాయి మీద తెల్లని చార మాత్రం కనిపిస్తుంది. అంత దూరం పోయి, బసలో కుళాయి నీళ్ళు పోసుకొని, “ఇదీ చిత్తారు నీళ్ళే గదా” అని వాదించినవారు ఉన్నారు. నీళ్ళు చిత్తారువే. కాని అవి పడలేదు, వచ్చాయి. కనుక ప్రయాణమే.

ఇదంతా చదివి పాఠకులు, వీరికి పనిలేదు కాబోలు అని నవ్వుకోవచ్చు. కాని ఈ తగవు మాకొక్కరికే కాదని ఈమధ్య తెలిసింది. మావాడొకడు అమెరికాలో డెన్వరు నగరంలో ఉద్యోగం చేస్తున్నాడు. అక్కడికి దగ్గరి కొండల్లో చలికాలమంతా మంచు. పాదాలకు పొడుగాటి పలకలు బిగించుకొని ఆ మంచు మీద జారే స్కీయింగు ఆటలో దిగాడు. మన దేశంలో కాశ్మీరులోని గుల్మార్గులోనూ, ఉత్తరాఖండులోని ఔలిలోనూ ఉన్న ఆటే అది. అక్కడ ఆటగాళ్ళు సీజనుకు ఎన్ని రోజులు ఆడామో లెక్కపెట్టుకుంటారట. వేలాడే కుర్చీలో ఒక్కసారి కొండ ఎక్కి, ఒక్కసారి జారి, కాఫీ తాగి ఇంటికి పోయినవాడికి రోజు పడినట్టా లేదా? పొద్దున్నుంచి కుర్చీలు ఆగిపోయేదాకా ఆడితేనే రోజా? మంచు బాగాలేని నాడు, జనం మూగిన నాడు లెక్కకు వస్తుందా? రోజుల లెక్క కాదు, మొత్తం ఎన్ని అడుగుల ఎత్తు జారి దిగామన్నది లెక్క అనేవారు కూడా ఉన్నారట. మావాడు ఇదంతా రాసి పెదనాయన అభిప్రాయం అడిగాడు. పెదనాయన ఉత్తరం రెండుసార్లు చదివించుకొని, “జారాడా లేదా? జారితే రోజు. పడితే ఇంకా రోజు” అని తీర్పు చెప్పాడు.

ప్రభుత్వంవారికి కూడా ఇటువంటి సూత్రం ఒకటి ఉన్నది. భారత వాతావరణ శాఖ లెక్కలో ఇరవైనాలుగు గంటల్లో 2.5 మిల్లీమీటర్లు, అంతకు మించి పడితేనే అది వాన రోజు. అంతకన్నా తక్కువ పడితే తడిసినవాడు తడిసినట్టే గాని వాన రోజు మాత్రం కాదు. ఆ ప్రకారం తెల్లవార్లూ సన్నగా సారల్ పడిన రోజు కూడా ఒక్కొక్కప్పుడు వాన రోజు కాకపోవచ్చు. ఇది విని పెదనాయన సంతోషించాడు. “చూశారా, కొలత లేకపోతే ప్రభుత్వమే నడవదు” అన్నాడు.

పెదనాయనకు ఇప్పుడు ఎనభైరెండేళ్ళు. తాత తరువాత ఆ పుస్తకం ఆయన చేతికి వచ్చింది. ఆయన పద్దు 143 రోజులు. చిన్నాయనది 118. వారి చెల్లెలు, మేము అత్త అని పిలిచే కోవిల్‌పట్టి ఆమెది 31.

ఈ ముప్పైఒకటి మా కళ్ళ ముందు ఏళ్ళ తరబడి ఉన్నది. మేము ఎవరమూ దాన్ని గురించి ఆలోచించలేదు. అత్తకు నీళ్ళంటే అంత ఇష్టం లేదేమో అనుకున్నాము.

2024 మే 17న పాత కుర్తాళం అరువిలో ఒక్కసారిగా వెల్లువ వచ్చి పదిహేడేళ్ళ కుర్రవాడొకడు కొట్టుకుపోయి చనిపోయాడు. అది సీజను కూడా కాదు, వేసవి వాన. కొండమీద ఎక్కడో కురిసిన వాన కింద నిలబడినవాడికి కనబడదు. నిమిషాల్లో నీళ్ళు ఎర్రబడి విరుచుకుపడతాయి. ఆ తరువాత కొన్నాళ్ళు స్నానాలు ఆపివేశారు. ఆ వార్త చదివిన రాత్రి మా ఇళ్ళలో ఎవరికీ సరిగా నిద్రలేదు. తాడు కట్టిన తరువాత కూడా, ‘ఒక్క క్షణం తల పెట్టి వస్తే రోజు పడుతుంది’ అని లోపలికి దూరిన సందర్భాలు మా పుస్తకంలో రెండున్నాయి. ఆ రెండూ మేము కేరింతలతో రాయించుకున్నవే. పెదనాయన మర్నాడు ఎర్రసిరాతో ఆ రెండింటినీ కొట్టివేసి, సూత్రం కింద ఇంకొక వాక్యం రాశాడు: ‘తాడు దాటిన రోజు రోజు కాదు.’ అందువల్ల ఆయన మొత్తం కూడా ఒకటి తగ్గింది. 144 అలా 143 అయింది.

ఇక 2025 జూలై ప్రయాణం. అత్తకు అంతకుముందు ఏడు మోకాలికి ఆపరేషను జరిగింది. రెండవ మోకాలు కూడా మొరాయిస్తున్నది. వచ్చే ఏడు మెట్లు, తడిబండలు ఎక్కగలదో లేదో ఎవరికీ ధైర్యం లేదు. ఆమెకు డెబ్భైఎనిమిది. ఆమె ఏనాడూ ఏదీ అడగదు. ఆనాడు మాత్రం ఫోనులో, “ఈసారి నన్ను కూడా నీళ్ళకింద నిలబెట్టండి” అన్నది. మేము వెంటనే బయలుదేరాము.

మా పాత ఆనవాయితీ ప్రకారం విరుదునగర్ వారు రైలు మీద, కోవిల్‌పట్టి వారు రోడ్డు మీద. మీటర్ గేజి రోజుల్లో రైలు కిటికీలో నుంచి పడే నుసి తుడుచుకుంటూ వెళ్ళినవారం ఇప్పుడు పొదిగై ఎక్స్‌ప్రెస్‌లో తెల్లవారుజామున ఎక్కాము. శివకాశి, శ్రీవిల్లిపుత్తూరు, మన రాజుల ఊరైన రాజపాళయం, శంకరన్‌కోవిల్, కడయనల్లూరు దాటి తెన్‌కాశి. రాజపాళయం దాటేసరికి కుడివైపు కొండలు మబ్బు కప్పుకొని కనిపిస్తాయి. పెట్టెలో ఎవరో ఒకరు చేయి బయటపెట్టి, “పడుతున్నదా?” అని చూస్తారు. ఆ చేతికి మొదటి చుక్క తగిలిన తరువాతనే ఇడ్లీ పొట్లాలు విప్పటం మా ఇంటి నియమం.

కోవిల్‌పట్టి వారు కారులో అత్తను ముందు సీట్లో కూర్చోబెట్టుకొని, కళుగుమలై కొండను చుట్టి, శంకరన్‌కోవిల్ మీదుగా వచ్చారు. వెంట కడలైమిఠాయి డబ్బా ఉన్నది. వేరుశెనగపప్పు, బెల్లం పాకం పట్టి చేసే ఈ కోవిల్‌పట్టి మిఠాయికి 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మా అత్త దృష్టిలో అది ప్రభుత్వం ఆలస్యంగా తెలుసుకున్న విషయం.

తెన్‌కాశి స్టేషను బయట రెండు జట్లూ కలిశాము. సారల్ చక్కగా పడుతున్నది. అందరి ముఖాలూ వికసించాయి. కాని కుర్తాళం చేరేసరికి దూరం నుంచే అరువి మోత వేరుగా వినిపించింది. సంతలో బండ్లమీద మంగుస్తాన్, రంబుతాన్ పండ్లు కుప్పలుగా ఉన్నాయి, కొనేవారు తక్కువ. పెద్ద అరువి కొండమీద నుంచి తిన్నగా కిందకు పడదు. మధ్యలో పొంగుమాంకడల్ అనే లోతైన గుంటలో పడి, అక్కడ కోపం తగ్గించుకొని, ఆ తరువాత మనుషుల మీదకు వస్తుంది. ఆనాడు ఆ గుంట కూడా దాని కోపాన్ని ఆపలేకపోయింది. స్నానం చేసేవారి రక్షణకు కట్టిన వంపుగోడను దాటి నీళ్ళు మట్టిరంగులో దూకుతున్నాయి. అక్కడివారికి అదే గుర్తు. వంపు దాటి నీరు పడితే స్నానం లేదు. తాడు కట్టి పోలీసులు నిలబడి ఉన్నారు. అయిదరువి దగ్గరా అంతే.

మధ్యాహ్నానికి తగ్గుతుందన్నారు. తగ్గలేదు. సాయంత్రం కుర్తాలనాథస్వామి గుడికి వెళ్ళాము, చిత్రసభ చూశాము. నటరాజస్వామి అయిదు సభల్లో ఇది ఒకటి, గోడలనిండా చిత్రాలు. ఆ రాత్రి బసలో పడుకున్నామే గాని అందరి చెవులూ అరువి మీదనే. మర్నాడు తెల్లవారినా తాడు అలాగే ఉన్నది. మా సెలవు ఆ పూటతో సరి.

అత్త అరువి ఎదుట ఒక అరుగు మీద కూర్చొని ఉన్నది. సారల్ ఆమె తెల్లని జుట్టు మీద పొడిలాగ నిలిచింది. మా మనవడు ఒకడు, ఇంజనీరింగు చదివేవాడు, ఆమె దగ్గర చేరి, “జేజీ, ఆ పక్క సందులోంచి ఒక దారి ఉంది. నేను పట్టుకుంటాను, ఒక్క నిమిషం” అన్నాడు.

“తాడు దాటితే రోజు కాదని నిరుడే రాశారు గదరా.”

“అయితే కాలవలోంచి మగ్గుతో తెచ్చి పోస్తాను.”

“మగ్గుతో పోస్తే అది తలంటు. దానికి కోవిల్‌పట్టి చాలదా?”

మేము నవ్వాము. పెదనాయన నవ్వలేదు. ఆయన సంచిలోంచి పుస్తకం తీశాడు. అరవై ఏడు సీజనుల్లో సూత్రం విషయంలో ఎవరికీ లొంగని మనిషి, కలం మూత తీసి, “అమ్మాయీ, నీ తల తడిసింది. సారల్ కూడా ఈ కొండ నీళ్ళే. ముప్పైరెండు వేస్తున్నాను” అన్నాడు.

అత్త చేయి అడ్డం పెట్టింది. “వద్దన్నా. జాలికి వేసిన పద్దు పద్దు కాదు. నీళ్ళు పడలేదు. ఇది ప్రయాణమే.”

పెదనాయన కలం పట్టుకొని అలాగే ఉండిపోయాడు. కొంచెంసేపటికి అత్తే మళ్ళీ అన్నది. “రాయాలని ఉంటే రాయనివి రాయండి. నేను ఎన్నిసార్లు వచ్చానో ఎవరైనా చెప్పండి చూద్దాం.”

ఎవరమూ చెప్పలేకపోయాము.

అప్పుడు ఆమె చెప్పుకొచ్చింది, నింద ఏమీ లేకుండా, బియ్యం లెక్క చెప్పినట్లు. కాపురానికి వచ్చిన ఏడు, 1966లో, మగవారి గడియారాలు, చేతిసంచులు, ఆడవారి గొలుసులు అన్నీ ఒక తుండులో మూటకట్టి కొత్తకోడలి ఒళ్ళో పెట్టారు. నమ్మకమైన మనిషి అని. ఆ మూట ఆ తరువాత దిగలేదు. చంకలో పిల్ల ఉన్న ఏళ్ళు పిల్లతో సహా. కోతులు పులిహోర గిన్నె మీదకు దూకితే తరిమింది. జ్వరం వచ్చిన పిల్లవాణ్ణి తలుపు లేని బసలో కాపలా కాసింది. దూరం ఉండవలసిన రోజుల్లో రాలేనని చెప్పలేక వచ్చి, గట్టు మీద కూర్చున్నది. అందరూ తడిసి వణుకుతూ వచ్చేసరికి పొడి తువ్వాళ్ళు పేర్లవారీగా మడిచి పెట్టి ఉండేది. తనవంతు వచ్చేసరికి ఒక్కొక్కసారి బస్సు వేళ అయ్యేది.

“మీరు తడవాలంటే ఎవరో ఒకరు పొడిగా ఉండాలి గదా. దానికి నాకు కోపం లేదు. పుస్తకంలో మాత్రం నేను రానట్టే ఉన్నది,” అన్నది.

తిరుగు ప్రయాణంలో రైలు పెట్టెలో ఎప్పుడూ ఉండే సందడి లేదు.

ఇంటికి వచ్చి రెండు వారాలు కూర్చున్నాము. పుస్తకంలోని తేదీలు ముందు పెట్టుకొని, పాత ఫొటోలు, పిల్లల పుట్టిన తేదీలు, పెళ్ళి పత్రికలు, అత్త జ్ఞాపకం కలిపి, ఏ ప్రయాణంలో ఎవరు వచ్చారో లెక్కకట్టాము. రుజువు దొరికినంతవరకు అత్త కుర్తాళం వచ్చినవి 112 రోజులు. తల తడిసినవి 31. మూట కాసినవి 81. మా పెద్దమ్మది, చిన్నమ్మది కూడా తీశాము. అంకెలు వేరు గాని కథ అదే. ఇంకొక సంగతి కూడా బయటపడింది. పెదనాయన 143 రోజుల్లో ఆడవారు ఎవరూ మూట దగ్గర లేని రోజులు పదకొండే.

పెదనాయన తాత రాసిన సూత్రాన్ని కొట్టివేయలేదు. కొట్టివేయమని అత్త కూడా అనలేదు. నీళ్ళు తల మీద పడితేనే రోజు. ఆ మాట అలాగే ఉన్నది. కాని ఇప్పుడు ప్రతి తేదీకి ఎదురుగా కొత్తగా ఒక గడి గీశాము. పైన ‘మూట’ అని ఉంటుంది. ఆ గడి ఖాళీగా ఉంటే ఆ నాటి స్నానాలు ఏవీ లెక్కకు రావు.

ఆ ఆగస్టులో నీళ్ళు తగ్గాక మళ్ళీ వెళ్ళాము. మోకాలు నొప్పిగా ఉన్నదని అత్త రాలేదు. అయిదరువి దగ్గర మూట గడిలో మొట్టమొదటి పేరు పెదనాయనది. ఆయన గట్టుమీద గొడుగు వేసుకొని, ఒళ్ళో ఏడు ఫోనులు, నాలుగు గడియారాలు, రెండు గొలుసులు పెట్టుకొని కూర్చున్నాడు. మేము ఒకరి తరువాత ఒకరం తిరిగి వచ్చేసరికి ముఖం చిన్నబుచ్చుకొని, “గంట అంటే ఇంత పొడుగని నాకు తెలియదురా” అన్నాడు. తువ్వాళ్ళు మడవటం ఆయనకు చేతకాలేదు. ఒక కోతి కడలైమిఠాయి డబ్బా కూడా పట్టుకుపోయింది. ఆ రాత్రి అత్తకు ఫోను చేసి ఈ సంగతి చెబితే, “డబ్బా పోతే పోయింది, మూట ఉన్నదా?” అని మాత్రం అడిగింది.

మన సంఘ సభ్యుల్లో చాలామంది ఏటా కుర్తాళం వెళ్ళేవారే. వారికి మా మనవి రెండే రెండు. నీళ్ళు వంపు దాటి పడుతుంటే పండ్లు కొనుక్కొని తిరిగి రండి, కొండ ఎక్కడికీ పోదు. మీ మూట ఎవరి ఒళ్ళో ఉన్నదో వెనుదిరిగి ఒకసారి చూడండి.

అత్త పేరు కింద ఇంకా 31 అనే ఉన్నది. పక్కన పెదనాయన ఒక గడి ఖాళీగా గీసి ఉంచాడు. మోకాలికి రోజూ వ్యాయామం చేస్తున్నానని ఆమె చెబుతున్నది, చేయటం లేదని కోడలు చెబుతున్నది. నిన్న సాయంత్రం కోవిల్‌పట్టి నుంచి ఫోను. “ఇక్కడ గాలి లేచింది. వాకిలి ఊడ్చినకొద్దీ దుమ్ము. తెన్‌కాశిలో ఎవరినైనా అడగండి, అక్కడ పడుతున్నదేమో.”